మిల్లుకు వచ్చిన పరామర్శ

మా వైపు చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళినవాళ్ళు కాఫీ పుచ్చుకోరు. తిరిగి వెళ్ళేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు. కాసేపు కూర్చుని, మాట ఉంటే మాట్లాడి, లేకపోతే ఊరుకుని, లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు. ఇంటివాళ్ళు కూడా గుమ్మందాకా వచ్చి సాగనంపరు. ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ నేర్పరు. చూసి నేర్చుకుంటాం.

అటువంటి పరామర్శ ఒకటి, ఎవరూ పోకుండానే, మా ఇంటికి వచ్చింది. ఆ రోజు నాకు వచ్చినంత కోపం అంతకు ముందు రాలేదు, తరవాతా రాలేదు. కాని ఆ మనిషి ఆ రోజు రాకపోయి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణో లేదో చెప్పలేను. ఈ మాట పెంచి రాస్తున్నది కాదు.

మాది కొత్తపేటకు దగ్గరలో కాలవగట్టు మీది ఊరు. మా తాతగారి రోజుల్లో మా గుమ్మం ముందు సైకిలు తొక్కుకుంటూ ఎవరూ వెళ్ళేవారు కాదు. దిగి, నడిపించుకుంటూ దాటి, మలుపులో మళ్ళీ ఎక్కేవారు. అది న్యాయమని నేను అనడం లేదు. అలా ఉండేదని చెబుతున్నాను. తరవాత భూములు పోయాయి. కొన్ని చట్టం వల్ల, కొన్ని కోర్టుల వల్ల, ఎక్కువ భాగం మర్యాదల వల్ల. పెద్ద ఇల్లు మా నాన్నగారే అమ్మారు. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి కల్యాణమండపం కట్టారు. మాకు మిగిలింది ఒకప్పుడు గుమాస్తాలు కూర్చునే కచేరీ సావిడి, దాని వెనక బళ్ళ సాల. పెళ్ళిళ్ళ రోజుల్లో గోడకు అవతల బ్యాండు మోగుతుంటే మేము ఇవతల భోజనం చేస్తాం.

ఇంకా రెండు మిగిలాయి. ఒకటి, ఊరు నన్ను పిలిచే ‘బాబుగారు’ అన్న పిలుపు. రెండోది నా వీపు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు నిటారుగా కూర్చోవడం నేర్పేవారు. కుర్చీకి వీపు ఆన్చితే మా నాయనమ్మ వెనక నించి వేలితో పొడిచేది. ఇప్పటికీ బస్సులో కూడా నేను జారబడి కూర్చోలేను.

అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో చాలాకాలం పనిచేశాను. వయసులో నాకంటే బాగా చిన్నవాడైన యజమాని ఒకరోజు నలుగురి ముందు నన్ను ఏకవచనంలో పిలిచాడు. మర్నాటినించి వెళ్ళలేదు. ఇంట్లో మా ఆవిడ తప్పుపడుతూ ఒక్క మాట కూడా అనలేదు. “సాల ఖాళీగానే ఉంది కదండీ, నూనె మిల్లు పెడదాం,” అంది. కోనసీమలో కొబ్బరికి కొదవేముంది? కల్తీ లేని నూనె తీస్తే చాలు, జనమే వస్తారనుకున్నాను. జనమే రావాలి. ఆ షరతు నాలో అప్పటికే ఉంది. నేను దాన్ని షరతుగా గుర్తించలేదు, అంతే.

మొదటి నెలలు నిజంగానే బాగున్నాయి. అంబాజీపేట నించి ఎండుకొబ్బరి తెచ్చేవాళ్ళం. ఆవిడ కూర్చుని బూజు పట్టిన ముక్కలు ఏరి అవతల పడేసేది. పొద్దున్న పాలవేళకి నేను స్విచ్చి వేసేవాణ్ణి. కొబ్బరి పడితే మిల్లు మూలుగుతుంది. ఆ మూలుగుతోపాటు వేడి నూనె వాసన లేచి వీధంతా కమ్ముకుని కాలవ అవతలికి కూడా పోయేది. అమలాపురం బస్సులో కునికే మా ఊరివాళ్ళు ఆ వాసనకే మెలకువ వచ్చి దిగేవారని చెప్పుకునేవారు. “బాబుగారి మిల్లు వేస్తే మాకు అలారం అక్కర్లేదండీ,” అని ఎదురింటి రిటైరయిన మాస్టారు అన్నప్పుడు నా వీపు ఇంకాస్త నిటారయింది.

వ్యాపారం అంటే అడగడం. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ణి కాను. కొట్టు ముందు సీసా పట్టుకుని నిలబడి, కొట్టువాడు వేరేవాళ్ళకి పప్పు తూచేదాకా ఆగి, ‘మా నూనె పెట్టుకోండి’ అనడం నా వల్ల కాలేదు. ఒకసారి అమలాపురంలో ఒక పెద్ద కొట్టుదాకా వెళ్ళాను. కొట్టాయన నన్ను గుర్తుపట్టి, “అయ్యో, తమరు ఇలా వచ్చేరేటండీ, కూర్చోండి,” అని కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నాక ఇంకేం అడుగుతాను? వాళ్ళ నాన్నగారి ఆరోగ్యం కనుక్కుని, సంచిలో సీసాలు సంచిలోనే ఉంచుకుని, తిరిగి వచ్చేశాను.

మనమే వెళ్ళకపోతే వాళ్ళనైనా రప్పించాలి గదా. రావులపాలెం నించి ఒక టోకు వ్యాపారి కారు వేసుకుని వచ్చాడు. నూనె అరచేతిలో వేసుకుని వాసన చూశాడు. మొహంలో సంతోషం కనిపించింది. ఆ సమయానికి భోజనాల వేళయింది. భోజనాల వేళ వచ్చినవాణ్ణి మా ఇంట్లో పస్తు పంపరు. కందబచ్చలి కూర, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ఆవకాయ. ఆయన చెయ్యి కడుక్కుని, తువాలుతో తుడుచుకుంటూ అడిగాడు.

“మరి రేటు సంగతి ఏవిటండీ?”

“భోంచేసిన ఇంట్లో రేటేమిటండీ!” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. మా నాన్న నోటినించి, తాత నోటినించి ఎన్నిసార్లు విన్నానో. రెండు డబ్బాల నూనె ఆయన కారులో పెట్టించాను. ఆయన రావులపాలెమంతా మమ్మల్ని పొగిడాడు. దాంతో ఇంకా కొందరు వచ్చారు, భోజనాల వేళకే వచ్చారు. ఆవిడ వంటింట్లోంచి బయటికి వచ్చి ఒకరోజు అంది: “ఏవండీ, ఇది మిల్లు కాదు, సత్రం. సత్రంలో కూడా తాంబూలమే ఇస్తారు, నూనె డబ్బాలు ఇవ్వరు.”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఇలాంటి మిల్లు ఎంతకాలం నడుస్తుంది? ఒకనాటి పొద్దున్న సాలలో ఎండుకొబ్బరి బస్తా ఒక్కటి కూడా లేదు. తెచ్చే వీలు లేదు. అరువు ఇస్తానని అంబాజీపేట వర్తకుడు తనంతట తనే అన్నా, మా తాత పేరు చెప్పి అన్నాడు కాబట్టి నేను ఒప్పుకోలేదు. సాల గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పాలు పోసే ఆవిడ గేటు దగ్గర ఆగింది.

“ఇంకా మిషను వెయ్యలేదేటండీ బాబుగారూ? టయం అయిపోయింది కదండీ?”

మామూలుగా అడిగిన మాట. నేను లేచాను. లోపలికి వెళ్ళి స్విచ్చి వేశాను. కొబ్బరి లేని మిల్లు గరగరమని తిరిగింది. కొబ్బరి పడితే మూలిగేది, ఖాళీగా తిప్పితే అరుస్తుంది. పాలావిడ తల ఊపి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు వీధి చివరిదాకా వెళ్తోందని నాకు తెలుసు. ఆ పూటకి పరువు నిలిచిందనుకున్నాను.

ఆ పూటకే అనుకున్నది అలవాటైపోయింది. రోజూ పాలవేళకి వెయ్యడం, పదింటికి ఆపడం. మధ్యలో ఒంటిమీద పాత చొక్కా వేసుకుని ఓసారి వీధిలోకి వచ్చి చేతులు తుడుచుకోవడం కూడా నేర్చుకున్నాను. చేతులకి నూనె ఉండేది కాదు. టీ కొట్టు దగ్గర ఎవరైనా, “ఎలా ఉందండీ వ్యాపారం?” అంటే, “బ్రహ్మాండం,” అనేవాణ్ణి. “ఆయ్, సౌండు వినపడతానే ఉందండీ,” అనేవారు. అందరూ ఎంత మర్యాదగా అనేవారంటే, నాకు నామీద నాకే నమ్మకం కలిగేది. కాసేపు.

ఆ రోజుల్లో నా లోపల ఏమి జరుగుతూ ఉండేదో రాయడం కష్టం. కష్టమైనా రాస్తాను, ఎందుకంటే కొత్తగా ఏదో ఒక వ్యాపారం పెట్టుకున్న చాలామంది ఇది దాచిపెడతారని ఇప్పుడు నాకు తెలుసు. నిద్ర పోయింది. ఆకలి పోయింది. కొబ్బరి పచ్చడి వడ్డిస్తే విస్తరి ముందు నించి లేచిపోయేవాణ్ణి. పేపరు చదువుతుంటే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు. ఫోను మోగితే గుండె దడదడలాడేది, మోగకపోతే ఇంకా ఎక్కువ దడదడలాడేది. ఇంట్లో మాట్లాడటం మానేశాను. మాట్లాడితే అబద్ధమైనా ఆడాలి, నిజమైనా చెప్పాలి. ఆవిడతో అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. నిజం చెప్పడం చేతకాలేదు. అసలు ఆవిడకి చెప్పడానికి ఏముంది, సాలలో బస్తాలు లేవని ఆవిడకి తెలియదా? తెలుసు. కాని మేమిద్దరం ఆ సంగతి ఒకరితో ఒకరు అనుకోలేదు. పెద్దింటి మర్యాద గోడల మధ్యనే కాదు, మొగుడూ పెళ్ళాల మధ్య కూడా ఉంటుంది.

ఛాతీలో పట్టేసినట్టుంటే ఆవిడే అమలాపురంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు.

“నిద్ర పడుతోందాండీ?”

“బాగా పడుతుంది.”

“వ్యాపారం టెన్షన్లేమైనా?”

“బ్రహ్మాండంగా ఉందండీ.”

ఆయన గ్యాసుకు మాత్రలు రాశారు. తప్పు ఆయనది కాదు. రోగి చెప్పినదానికే వైద్యం.

సాయంత్రాలు కాలవగట్టు మీద నడవడం నాకు మొదటినించి అలవాటు. ఆ రోజుల్లో ఆవిడ కూడా నాతో రావడం మొదలుపెట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏనాడూ రాని మనిషి. “మోకాళ్ళకి నడక మంచిదన్నారండీ,” అంది. నీళ్ళవైపు తను నడిచేది, రోడ్డువైపు నన్ను నడిపించేది. ఆవిడ భయం ఏమిటో నాకు తెలుసు. ఆ భయం తప్పని చెప్పగల స్థితిలో నేను లేను.

ఆ సమయంలో చెరువులాయన వచ్చాడు.

వీధి చివర ఉంటాడు. అల్లవరం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు కాబట్టి ఊరంతా చెరువులాయన అనే అంటారు. వాళ్ళ తాత మా తాతగారి పడవ నడిపేవాడు. మా తాత వాళ్ళ తాతని ‘ఒరే’ అన్నాడు. మా నాన్న వాళ్ళ నాన్నని పేరు పెట్టి పిలిచాడు. నేను ఆయన్ని ‘మీరు’ అంటాను. మా కుటుంబం చరిత్ర తెలుసుకోవాలంటే ఈ మూడు పిలుపులు చాలు. ఆయన రోజూ పొద్దున్నే బుల్లెట్టు మీద మా గుమ్మం ముందు నించే చెరువులకి వెళ్తాడు. మా తాతల కాలం పోయినా, బండి నెమ్మది చేసి తల వంచి మరీ వెళ్తాడు.

ఆ రోజు బండి వీధి చివరే వదిలేసి నడిచి వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. గేటు బయటే చెప్పులు విడిచాడు. అప్పుడైనా నాకు తట్టి ఉండాల్సింది. వెనక సాలలో మిల్లు అరుస్తోంది.

“రండి, రండి. ఏమిటిలా వచ్చేరు?”

“ఊరికేనండీ.”

కుర్చీలో అంచున కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ కాఫీ తెచ్చింది.

“వద్దండమ్మా,” అన్నాడు.

మా ఇంట్లో కాఫీ వద్దన్న మనిషి కాడు. పైగా ఎప్పుడొచ్చినా, “అమ్మగారి కాఫీ కోసం అబద్ధం చెప్పి అయినా వచ్చేయొచ్చండీ,” అని నవ్వించే మనిషి. ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేను ఊరుకోలేకపోయాను. మిల్లు చప్పుడు మీద గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టాను.

“చాలా బిజీ అయిపోయామండీ! ఆర్డర్లకి అందించలేకపోతున్నాం!”

“ఆయ్.”

“రావులపాలెం వాళ్ళు ఇంకో మిషను వెయ్యమంటున్నారు!”

“ఆయ్.”

“బ్రహ్మాండంగా ఉంది!”

ఈసారి ‘ఆయ్’ కూడా అనలేదు. నా కళ్ళలోకి చూశాడు. అందులో ఎగతాళి లేదు, జాలి కూడా లేదు. తల్లి పోయినవాడి ఎదురుగా కూర్చున్నవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు. తరవాత నేల చూస్తూ ఉండిపోయాడు. మేమిద్దరం ఖాళీ మిల్లు అరుపు వింటూ కూర్చున్నాం. కొంతసేపటికి లేచాడు. గేటు దాటి, చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నేను అలవాటు కొద్దీ ‘ఎల్లొస్తానండీ’ అన్న మాట కోసం గుమ్మంలో నిలబడ్డాను. అది రాలేదు.

నాకంటే ముందు ఆవిడకి అర్థమైంది. ఆవిడ మొహం చూశాక నాకు అర్థమైంది.

“ఎవరు పోయారని వచ్చాడు వీడు?” అని అరిచాను. ‘మీరు’ ఎగిరిపోయింది, మా తాత గొంతు వచ్చేసింది. “మా పడవ తోసినవాళ్ళు మాకు పరామర్శకు వచ్చేంతవాళ్ళయ్యారా? మిల్లు చప్పుడు వినపడటం లేదా వాడికి?”

“వినపడుతూనే ఉందండీ. ఊరందరికీ వినపడుతోంది.” ఆవిడ కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టింది. “ఊరందరికీ చెవులే ఉన్నాయనుకున్నారా? ముక్కులు లేవా?”

నాకు వెంటనే తెలియలేదు.

“మిల్లు వేస్తే కాలవ అవతలికి వాసన వెళ్ళేది. నెల పైనయింది, మన వీధిలో కొబ్బరి వాసన ఉందా? చప్పుడు చేస్తే ఎవరికి తెలియకుండా పోతుంది?”

ఇంగిత జ్ఞానం అనేది ఒకటి ఉంటుంది. నాకు ఉందనే అనుకునేవాణ్ణి. ఇన్నాళ్ళూ చప్పుడు గురించి ఆలోచించాను, చేతులు తుడుచుకోవడం గురించి ఆలోచించాను, వాసన గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. టీ కొట్టు దగ్గర ‘సౌండు వినపడతానే ఉందండీ’ అన్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళందరూ సౌండు మాటే ఎత్తారు. నిజం చెప్పారు. నన్ను అవమానించకుండా నిజం చెప్పారు.

ఆవిడ సాలలోకి వెళ్ళి స్విచ్చి ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో కోపం దిగుతూ వచ్చింది. నాకు ఏడుపు వస్తుందేమోనని భయమేసి, “నేను పోయాననుకుంటున్నాడా వాడు?” అన్నాను, ఇంకొంచెం కోపం మిగుల్చుకోవాలని.

“పోయాక అందరూ వస్తారండీ,” అంది ఆవిడ. “పోకముందు ఒక్కడు వచ్చేడు.”

ఆ మాటతో నా వీపు వంగింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. వెనక నించి ఎవరూ పొడవలేదు.

మర్నాడు పాలవేళకి స్విచ్చి దాకా చెయ్యి వెళ్ళింది. వెయ్యలేదు. వీధిలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నిశ్శబ్దం ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఎదురింటి మాస్టారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు. పక్కింటివాళ్ళు పక్షులకేదో వేస్తున్నట్టు పెరట్లోంచి ముందుకొచ్చారు. పాలావిడ గేటు దగ్గర ఆగింది. ఈసారి అడగడానికి భయపడుతున్నట్టు అడిగింది.

“మిషనాగిందేటండీ బాబుగారూ?”

‘బ్రహ్మాండం’ అన్న మాట నాలుక చివరికి వచ్చింది. మింగాను.

“కొబ్బరి లేదమ్మా. చాలా రోజులైంది. ఖాళీగానే తిప్పుతున్నాను.”

“ఆయ్,” అంది పాలావిడ. “తెలుసండీ.”

మాస్టారు రోడ్డు దాటి వచ్చారు. “మాకూ తెలుసండీ,” అన్నారు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

“మరి ఒక్కరైనా చెప్పలేదేం?”

పాలావిడే జవాబిచ్చింది. “తమరు అంత కష్టపడి తిప్పుతుంటే మేం కాదంటే ఏం బావుంటదండీ?”

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, సగంలో మరోలా మారింది. మాస్టారు కాలవ వైపు చూస్తూ నిలబడ్డారు. పాలావిడ చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నేను తేరుకునేదాకా ఎవరూ కదలలేదు, ఎవరూ ఓదార్చలేదు.

“మా ఇంటికాడ కొబ్బరి చెక్కలు ఎండినియ్యి ఉన్నాయండీ,” అంది పాలావిడ తరవాత. “కూలి తీసుకుని ఆడిచ్చి పెడతారేటండీ? కూలి తీసుకుంటేనేనండీ. ఊరికే అయితే వద్దండీ.”

కూలి. మా ఇంట్లో ఆ మాట ఇచ్చేటప్పుడు వాడినదే కాని పుచ్చుకునేటప్పుడు వాడినది కాదు. “ఆలోచించి చెబుతానమ్మా,” అన్నాను. అప్పటికి అంతే చెప్పగలిగాను.

ఆ మధ్యాహ్నం బస్సెక్కి అమలాపురం వెళ్ళి, అక్కణ్ణించి ఆటోలో అల్లవరం దాటి చెరువుల దగ్గరికి వెళ్ళాను. ఒకరి గుమ్మానికి పనిమీద వెళ్ళడం నాకు కొత్త. గట్టు మీద తాటాకు పాక, పాక ముందు ప్లాస్టిక్ కుర్చీలు. చెరువులో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. చెరువులాయన నన్ను చూసి గబగబా వచ్చి, తువాలుతో కుర్చీ తుడిచాడు.

“తమరు ఇంత దూరం వచ్చేరేటండీ! కబురంపితే నేనొచ్చేవోణ్ణి కదండీ.”

“నిన్న వచ్చేరు కదండీ. బాకీ తీర్చడానికి వచ్చాను,” అన్నాను. నా గొంతులో కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. “ఎలా తెలిసింది మీకు?”

ఆయన చెరువులోకి చూపించాడు. “ఆ చక్రాలు చూసేరాండీ? వెనక ఒకసారి తెల్లమచ్చ రోగం వచ్చి ఈ చెరువు మొత్తం పోయిందండీ. ఒక్క రొయ్య మిగల్లేదు. అయినా నేను చక్రాలు తిప్పుతానే ఉన్నానండీ. గట్టు మీద పోయేవోళ్ళు చూడాలి కదండీ, ఈడి చెరువు బాగానే ఉందని. మేత బస్తా పట్టుకుని ఖాళీ నీళ్ళలో మేత చల్లినట్టు చేతులూపేవోణ్ణండీ.”

“మేత లేకుండానా?”

“లేకుండానండీ. నాకే నవ్వొస్తది ఇప్పుడు. అప్పుడు రాలేదండీ.” కొంచెం ఆగాడు. “మా అమ్మ పోయినప్పుడు ఊరు ఊరంతా వచ్చి కూర్చుందండీ. చెరువు పోయినప్పుడు ఒక్కడు రాలేదు. ఎలా వస్తారండీ, బాగానే ఉందని నేనే చెప్పేను కదా? పురుగుమందు డబ్బా దాకా వెళ్ళి వచ్చేనండీ నేను. మా ఆడది చూసింది కాబట్టి సరిపోయింది. అప్పుడనుకున్నానండీ, ఎవుడి యాపారమన్నా పోతే ముందు నేనెళ్ళి కూర్చుంటానని. మాటలు రావండీ నాకు. కూర్చోడం వచ్చు.”

నేను నా సంగతి చెప్పాను. నిద్ర గురించి, ఛాతీ గురించి, కాలవగట్టు మీద ఆవిడ నీళ్ళవైపు నడవడం గురించి. ఎవరికీ చెప్పనివి వాళ్ళ తాత మా పడవ నడిపిన మనిషికి చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాడు. తాగాను.

“నిన్న తమరికి బాగా కోపమొచ్చిందాండీ?” అన్నాడు చివరికి.

“వచ్చింది. వాడూ వీడూ అన్నాను.”

“ఆయ్. పర్లేదండీ. మా తాతకి అలవాటేనండీ.”

ఇద్దరం నవ్వాం. లేచి గట్టు మీదికి వచ్చాక, వెనక్కి తిరిగి, గట్టిగా అన్నాను.

“వెళ్ళొస్తానండీ.”

“రండి. తప్పకుండా రండి,” అన్నాడు. ఆటో ఎక్కేదాకా వెంట వచ్చాడు.

ఆ తరవాత ఏదో అద్భుతం జరిగిందని రాస్తే నేను మళ్ళీ ఖాళీ మిల్లు తిప్పినట్టే. పాలావిడ కొబ్బరి ఆడించి ఇచ్చాను. ఆమె కూలి నా చేతిలో పెట్టినప్పుడు చెయ్యి వెనక్కి లాక్కోకుండా ఉండటానికి బలం కావాల్సి వచ్చింది. తరవాత మాస్టారు తెచ్చారు, పక్కింటివాళ్ళు తెచ్చారు. ఇప్పుడు వారంలో కొన్ని రోజులు మిల్లు ఆడుతుంది, కొన్ని రోజులు ఆడదు. ఆడని రోజు ఆడలేదనే చెబుతాను. భోజనానికి వచ్చినవాళ్ళకి భోజనం పెడతాం. రేటు మాత్రం ఆకు వెయ్యకముందే ఆవిడ చెప్పేస్తుంది. అమలాపురం డాక్టరుకి మళ్ళీ వెళ్ళి, నిద్ర పట్టడం లేదని చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఆ వైద్యం వేరు. ఇంకా సాగుతోంది. సాయంత్రాలు ఆవిడ ఇప్పటికీ నాతోనే నడుస్తుంది. నీళ్ళవైపు ఒకరోజు తను, ఒకరోజు నేను.

ఈ మధ్య రాజోలు వైపు వెళ్ళాను. మాకు తెలిసినవాళ్ళ అబ్బాయి, ముప్పై దాటినవాడు, కొబ్బరి పీచు ఆడించే యూనిట్టు పెట్టాడు. ప్రారంభానికి మమ్మల్ని కూడా పిలిచాడు. కొన్నాళ్ళుగా ఫోను ఎత్తడం లేదని విన్నాను. పీచు యూనిట్టు దగ్గర ఎప్పుడూ పొట్టు ఎగురుతూ ఉంటుంది. రోడ్డు పక్క ఆకులమీద ఎర్రగా పేరుకుపోతుంది. నేను వెళ్ళేసరికి ఆ ఆకులన్నీ పచ్చగా ఉన్నాయి. యూనిట్టు గోడలకి మాత్రం కొత్తగా రంగు వేసి ఉంది.

గేటు బయటే చెప్పులు విడిచాను. కుర్రవాడు ఎదురొచ్చాడు. కళ్ళకింద నలుపు.

“రండి బాబుగారూ! తమరేటండీ ఇలా?”

“ఊరికేనయ్యా.”

“వ్యాపారం బ్రహ్మాండంగా ఉందండీ. కూర్చోండి, కాఫీ తెమ్మంటాను.”

“కాఫీ వద్దు,” అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. నేను నిటారుగా కూర్చున్నాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. లేవలేదు.